మోకాలి సాకు

పాలు పొంగేదాకా ఒంటికాలి మీద నిలబడాలి. అది ఫిజియోథెరపీ అమ్మాయి పెట్టిన నియమం. ఎడమకాలు గాల్లో ఉంచి, కుడి మోకాలు కొద్దిగా వంచి, స్టవ్ గట్టుకు ఒక్క వేలు మాత్రం ఆనించాలి. గట్టు పట్టుకోకూడదు. పట్టుకుంటే చెయ్యి పని చేస్తుంది, కాలు బద్ధకిస్తుంది.

నాగూర్ బాషా కుడి తొడ వణికింది. ముందువైపు కండ బిగుసుకుంది, వెనకవైపు కండ రవ్వంత ఆలస్యంగా అందుకుంది. ఆ రెండింటి నడుమ మోకాలు ఎటూ కాకుండా ఒక్కసారి ఊగి, మళ్ళీ కుదురుకుంది. గిన్నెలో మీగడ ఉబ్బింది. గట్టు మీద వేలు తీసి మంట తగ్గించాడు. గ్లాసు తీశాడు, చక్కెర డబ్బా మూత తిప్పాడు. ఎడమకాలు ఇంకా కింద పెట్టలేదని అప్పుడు చూసుకున్నాడు. చూసుకున్నాక నచ్చలేదు. కాలు దించేశాడు.

ఎనిమిది నెలల కిందట ఒక అపార్టుమెంటులో, భుజాన టైల్స్ పెట్టెతో మెట్లు దిగుతుంటే తడి సిమెంటు మీద పాదం అతుక్కుంది. ఒళ్ళు మాత్రం పక్కకు తిరిగింది. మోకాలి లోపల తాడు తెగిన చప్పుడయింది. పక్కన ఇద్దరున్నారు, వాళ్ళకు వినబడలేదు. స్కానింగు చూసిన డాక్టరు లోపలి లిగమెంటు తెగిందన్నాడు. ఈ వయసులో ఆపరేషన్ తప్పనిసరేం కాదు, చుట్టూ ఉన్న కండలకు పని నేర్పితే అవే మోకాలిని పట్టి ఉంచుతాయన్నాడు. పెళ్ళికి ముందు నుంచీ గొంతుక్కూర్చుని నేలలు పరిచిన కాళ్ళవి. వాటికి కొత్తగా పని నేర్పాలట.

చాయ్ వడపోస్తుంటే ఫోను మోగింది. ఉమేరా. బామ్మర్ది కూతురు. మోగనిచ్చాడు. ఆగింది. మళ్ళీ మోగింది.

"సలామలేకుం ఫూఫా. చాయ్ తాగినవా?"

"తాగుతున్న."

"మా అబ్బా రాత్రంత నిద్రపోలే. నీ పేరే తీస్తుండు. ఒక్కసారి వచ్చిపో ఫూఫా."

"మోకాలు మంచిగ లేదు బిడ్డా."

"మునీర్ ఆటో తెస్తడు."

"ఆటో ఎక్కాలన్నా మోకాలే గదా."

అవతల వెనక ఎవరో ఊపిరి లాగుతున్న చప్పుడు, చిల్లుపడిన గొట్టంలోంచి గాలి లాగినట్టు వినబడింది.

"ఒక్కటే మాట పట్టుకుండు. నన్ను మట్టిల దించేది బావనే అంటుండు. నేనేం జవాబు చెప్పాలె?"

"మోకాలు అని చెప్పు."

ఫోను గట్టు మీద బోర్లా పెట్టాడు. చాయ్ తాగాడు. తీపి ఎక్కువైంది.

అతీక్ ఆయన భార్య రసూల్ బీ తమ్ముడు. మల్కాజ్‌గిరిలో ఇనుప బీరువాలకు రంగు కొట్టే షెడ్డు నడిపేవాడు. మూతికి గుడ్డ కట్టుకోరా అని అక్క తిడితే, నా మూతి చూసే గిరాకీ వస్తదని నవ్వేవాడు. ఆ రంగే ఊపిరితిత్తుల్లో పేరుకుంది. మగపిల్లలు లేరు. ఉన్నది ఉమేరా ఒక్కతే. పిల్లలు పుట్టని రసూల్ బీ ఆ పిల్లను ఎత్తుకుని పెంచింది. మునీర్ ఆ పిల్ల మొగుడు.

మూడేళ్ళ కిందట రసూల్ బీ పోయింది. ఖబరస్తాన్‌లో నాగూర్ బాషా చెప్పులు విడిచి, లుంగీ పైకి కట్టి, గోతి అంచున కూర్చుని ఒక కాలు లోపల పెట్టాడు. అతీక్ వెనక నుంచి భుజం పట్టుకున్నాడు.

"నువ్వొద్దు బావా. ఆమె పోయినంక నువ్వు గైర్. తమ్ముణ్ణి, నేను దించాలె."

గైర్ అంటే పరాయివాడు. ఒకే చాప మీద ముసలివాడైన మనిషి పరాయివాడు. చుట్టూ ఉన్న పెద్దలు తలలు ఊపారు. ఊళ్ళో తాతల నుంచీ విన్న మాటే గనక ఎవరూ కాదనలేదు. ఆయనా కాదనలేదు. కాలు బయటికి తీసుకున్నాడు. అతీక్ దిగాడు. తెల్లగుడ్డలో ఉన్న మనిషిని అతీక్ చేతులు అందుకున్నాయి. నాగూర్ బాషా పైన నిలబడి, మీద పడిన మట్టి దులుపుకున్నాడు.

తర్వాత ఎప్పుడో ఒక మసీదులో నమాజుకు ముందు కాళ్ళూచేతులూ కడుక్కునే వజూ గట్టుకు టైల్స్ వేస్తూ మౌలానాను అడిగాడు. భర్త దించొచ్చు, మనాయి లేదు, వద్దని ఎవరన్నారని ఆయన ఎదురడిగాడు. ఆ సాయంత్రమే షెడ్డుకు వెళ్ళి ఆ మాట అతీక్ ముఖాన చెప్పాడు. అతీక్ చేతిలో రంగు గొట్టం అలాగే ఉంది. దాని కొస నుంచి నీలం రంగు చుక్కలు చుక్కలుగా వాడి పాదం మీద పడింది.

"నాకు తెల్వలే బావా. కసమ్. మన దిక్కు అట్లనే అంటరు గదా."

తెలియక చేశాడు. నిజమే. తెలియక లాక్కున్నదైనా తిరిగిచ్చేది కాదు. చెడ్డవాడు చేస్తే తిట్టొచ్చు, కొట్టొచ్చు. మంచివాడు తెలియక చేస్తే లోకం ముందే మాఫ్ చేసి కూర్చుంటుంది. నీకు మాత్రం ఏమీ మిగలనివ్వదు. నాగూర్ బాషా తన చేతిలో ఉన్న ఒక్క శిక్ష వేశాడు. మాట్లాడటం మానేశాడు. పండగలకు వాడు పంపిన షీర్ ఖుర్మా పక్కింటివాళ్ళు తిన్నారు.

మోకాలు తెగాక శిక్ష సులువైంది. రానని చెప్పనక్కర్లేదు. రాలేనంటే చాలు.

*

అల్వాల్‌లో మందుల దుకాణం పైన ఒక గది, అదే క్లినిక్. ఫిజియోథెరపీ అమ్మాయి ఎలీనా అప్పటికే చెక్క పలక నేల మీద పెట్టి ఉంచింది. పలక అడుగున సగం బంతి ఉంటుంది. ఎక్కితే నాలుగు దిక్కులకూ ఊగుతుంది. దాని మీద ఒంటికాలితో నిలబడితే ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి బంతి విసురుతుంది. ఈ వయసులో బంతాట ఏమిటని మొదటి రోజు ఆయన బంతిని కిటికీలోంచి బయటకు కొట్టాడు. ఆమె మెట్లు దిగి వెళ్ళి తెచ్చుకుని, మళ్ళీ విసిరింది.

"ఇవాళ కళ్ళు మూసుకుని, అంకుల్."

"కండ్లు మూస్తే పడ్త."

"పడితే పట్టుకుంటా."

"నువ్వా? నీ వజన్ ఎంత?"

"మాటలొద్దు. ఎక్కండి."

ఎక్కాడు. కళ్ళు మూసుకున్నాడు. తెగిన లిగమెంటు ఉత్త తాడు కాదని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. మోకాలు ఎంత వంగింది, ఎటు తిరిగిందన్న కబురు కండలకు అందించేది కూడా అదే. ఇప్పుడు ఆ కబురు రాదు. పాదం నుంచీ, పిక్క నుంచీ, చర్మం నుంచీ వచ్చే కబుర్లతోనే కండలు సర్దుకోవాలి. ముందు తొడ, వెనక తొడ ఒక్కసారే పట్టాలి. ఒకటి ముందు, ఒకటి వెనక అయితే మోకాలు జారుతుంది. నాగూర్ బాషా దీన్ని తన తీరున అర్థం చేసుకున్నాడు. రసమట్టం పగిలిపోతే పని ఆపరు. అరచెయ్యి నేల మీద పరిచి వాలు కనిపెడతారు.

ఎలీనా చెప్పకుండా భుజం మీద తోసింది. పలక ఊగింది. ఆయన ఊగలేదు. ఇంకో వైపు నుంచి తోసింది. చీలమండ కదిలింది, పిక్క గట్టిపడింది, తొడ రెండు వైపులా బిగిసింది. మోకాలు ఉన్నచోటే ఉంది.

"దిగండి. ఇప్పుడు ఈ పీట మీద నుంచి కుడికాలితో కిందికి. మెల్లగా. ఇంకోసారి. ఇప్పుడు గెంతండి."

గెంతాడు. గది గోడకున్న ఎముకల బొమ్మ చప్పుడు చేసింది. ఎలీనా రెండు తొడలకూ టేపు చుట్టి చూసుకుని, నవ్వుతూ లేచింది.

"రెండు కాళ్ళకీ తేడా లేనట్టే. చాలా బాగుంది అంకుల్. ఇంక నెలకోసారి వస్తే చాలు. మోకాలి బెల్టు కూడా తీసేయొచ్చు."

ఆయన ముఖం మాడిపోయింది.

"జారుతది బిడ్డా."

"ఎప్పుడు జారింది?"

ఆలోచించాడు. ఈ నెలలో జారలేదు. పోయిన నెలలోనూ జారలేదు.

"జారినట్టయితది."

"జారినట్టవడం భయం వల్ల అంకుల్. మోకాలి వల్ల కాదు."

బెల్టు తీసి పట్టీలు సరిచేసి, మళ్ళీ గట్టిగా బిగించుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు.

"ఒక పని చెయ్యి. గుంతలల్ల దిగొద్దని ఒక కాయిదం మీద రాసియ్యి."

"గుంతలా? మీది టైల్స్ పని కదా. గుంతలెక్కడివి?"

"గుంతలంటే గుంతలు. రాయరాదు జెర."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. నవ్వు తగ్గింది. "అబద్ధం రాయను అంకుల్. మా మమ్మీ చర్చిలో ముందు వరసలో కూర్చుంటుంది. నేను ఏం చేసినా ఆమెకి తెలిసిపోతుంది."

"మీ అమ్మకు నా సలాం చెప్పు," అని విసురుగా బయటికొచ్చాడు.

మెట్లు చకచకా దిగాడు. సగం దిగాక, రెయిలింగు పట్టుకోలేదని చూసుకున్నాడు. ఆగి, పట్టుకుని, మిగతా మెట్లు కుంటుతూ దిగాడు. చూసేవాళ్ళెవరూ లేరు.

*

యాప్రాల్‌లో కొత్త అపార్టుమెంటు. మూడో అంతస్తులో ఆయనకిప్పుడు ఇచ్చే పని టైల్స్ మధ్య సందులు పూడ్చడం. ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చుని, తెల్ల పొడి కలుపుకుని, రబ్బరు ముక్కతో సందుల్లోకి నొక్కి, తడి గుడ్డతో తుడవాలి. ముసలివాళ్ళకిచ్చే పని. ఆయన పరిచిన నేలల మీద ఒకప్పుడు గోలీ వదిలితే ఉన్నచోటే ఉండేది. ఇప్పుడు వేరేవాళ్ళు పరిచిన నేలకు ఆయన సందులు పూడుస్తున్నాడు.

పని సాగలేదు. ఒక సందు పూడ్చి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వచ్చి కూర్చున్నాడు. ఫోను తీసి చూసి జేబులో పెట్టాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. బాత్రూం తలుపు చట్రానికి మేకులు కొడుతున్న వడ్రంగి బ్రహ్మచారి సుత్తి ఆపాడు.

"ఏంది బాషా భాయ్, ఇయ్యాల కాలుగాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?"

"ఆ పిల్లికి కాలన్న ఉంది. నాకది సుత లేదు."

"లేని కాలుతోటి కిటికీకాడికి ఎన్నిసార్లు పోతవ్? నాకే కండ్లు తిరుగుతున్నయ్."

"నీ పని నువ్వు చూసుకో చారీ."

మధ్యాహ్నం జొహర్ బాంగు వినబడింది. నాగూర్ బాషా నమాజు చేసుకున్నాడు. పని మొదలుపెట్టినా మనసు నిలవలేదు. ఊరికే లేచి, బాత్రూంలో పరిచిన టైల్స్ మీద సుత్తి పిడితో తట్టుకుంటూ నడిచాడు. మూలన ఒక టైలు కింద గుల్ల శబ్దం వచ్చింది. మళ్ళీ తట్టాడు. గుల్లే. అడుగున సిమెంటు నిండలేదు. రేపు ఎవడో బకెట్టు పెడితే పగులుతుంది. పనిముట్టు తెచ్చి టైలు లేపాడు. పాత సిమెంటు గీకాడు. కొత్తది కలిపి పోశాడు, తాపీతో గీతలు పెట్టాడు, టైలు దించాడు, అరచేత్తో నొక్కుతూ నాలుగు మూలలా తట్టాడు. నిండు శబ్దం వచ్చింది. వేలి కొనతో అంచులు తడిమాడు. పక్క టైలుకూ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. పొద్దుటి నుంచీ మొదటిసారి ఛాతీలో గాలి సరిగ్గా ఆడింది.

"వారెవ్వా!" అన్నాడు గుమ్మంలోంచి బ్రహ్మచారి. "కూసున్నవ్ గదా!"

నాగూర్ బాషా కిందికి చూసుకున్నాడు. గొంతుక్కూర్చుని ఉన్నాడు. మడమల మీద, మోకాళ్ళు రెండూ పూర్తిగా మడిచి, వెనకటిలాగే. ఎప్పుడు కూర్చున్నాడో తెలియదు. గోడ పట్టుకుని మూలుగుతూ లేచాడు.

"తక్లీఫ్ ఉంది."

"మా మామ సుత పెండ్లి పనులప్పుడు గిట్లనే మూలుగుతడు. తినే బంతికాడ మాత్రం ముందు దొరుకుతడు."

తిట్టబోయాడు. ఫోను మోగింది. ఉమేరా కాదు, మునీర్.

"ఫూఫా."

"చెప్పు."

"అబ్బా పోయిండు. సాయంత్రం అసర్ నమాజ్ అయినంక మట్టి."

చేతికంటిన సిమెంటు ఆరుతోంది. గుడ్డ తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"ఎవరు భాయ్?"

"మా బామ్మర్ది."

"మీరు మాట్లాడుకోరు గదా?"

"ఇప్పుడు సుత మాట్లాడుకోం."

బ్రహ్మచారి సుత్తి పక్కన పెట్టి, బండి తాళం చెవి తీశాడు. "నడు. దింపుత."

*

వాకిట్లో టార్పాలిన్ కింద మగవాళ్ళు నిలబడి ఉన్నారు. ఉమేరా గుమ్మం దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది. పొద్దున రాలేదేమని అడుగుతుందనుకున్నాడు. అడిగితే చెప్పడానికి దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాడు.

"వచ్చినవా ఫూఫా? మోకాలు ఎట్లుంది?"

ఆ మాటలో దెప్పు లేదు. ఉంటే బాగుండేది.

"అట్లనే ఉంది."

ఆమె వెనక్కి తిరిగి మొగుడితో అంది. "ఫూఫా అంతసేపు నిలబడలేడు. ఒక కుర్చీ తీస్కపో."

జనాజా లేచింది. భుజాలు మార్చుకుంటూ జనం నడిచారు. భుజం పట్టాల్సిన అల్లుడు మునీర్ తెల్ల ప్లాస్టిక్ కుర్చీ చేత పట్టుకుని వెనకాల నడిచాడు. నాగూర్ బాషా వాడి పక్కన కుంటుతూ నడిచాడు. ఒకసారి ఏ కాలు కుంటాలో తప్పాడు. మునీర్ చూడలేదు.

నమాజు అయింది. గోతి పక్కన కుర్చీ వేశారు. ఆయన కూర్చున్నాడు. చుట్టూ అందరూ నిలబడి ఉంటే ఆయన ఒక్కడే కూర్చున్నాడు. ఎదురుగా ఒక ముసలాయన, తనకంటే పెద్దవాడు, కర్ర ఆన్చుకుని నిలబడే ఉన్నాడు.

ఖబర్ తవ్వినవాడు కాళ్ళ వైపు దిగాడు. తల వైపు మునీర్ దిగాడు. నడుం దగ్గర మూడో మనిషి ఉండాలి. ఎవరు దిగుతారని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొందరు నాగూర్ బాషా వైపు చూసి, ఆయన కాలికున్న బెల్టు చూసి, చూపు తిప్పుకున్నారు. అతీక్ ఎవరిని అడిగాడో అందరికీ తెలుసు.

తెల్లగుడ్డలోని మనిషిని పైనుంచి అందించారు. మునీర్ ఎప్పుడూ గోతిలో దిగినవాడు కాదు.  భుజాల కింద పట్టుకున్నాడు గానీ, నడుం దగ్గర పట్టేవాళ్ళు లేక ఒళ్ళు మధ్యలోకి కుంగిపోయింది.

"నడుం! నడుం కింద చెయ్యి పెట్టు!" నాగూర్ బాషా కుర్చీలోంచి అరిచాడు. "పడేస్తవ్ రా వాణ్ణి!"

"నాకు రెండు చేతులే ఉన్నయ్ ఫూఫా," అన్నాడు మునీర్, ఏడుపు గొంతుతో.

నాగూర్ బాషా గోతి అంచున కూర్చున్నాడు. కుడికాలు లోపల పెట్టాడు. ఈసారి భుజం పట్టుకుని ఆపేవాడు లేడు. అడుగున మట్టి మెత్తగా ఉంది, పాదం కింద జారింది. తొడ ముందూ వెనకా ఒక్కసారే బిగిసింది. రెండో కాలు దించి, వంగి, తెల్లగుడ్డ కింద రెండు చేతులూ దూర్చాడు.

బరువు ఉంటుందనుకున్నాడు. లేదు. బీరువాలు ఒంటిచేత్తో జరిపిన మనిషి. చేతుల్లోకి వచ్చింది నాలుగు కర్రలూ గుడ్డా. ఆ తేలికకు ఆయన తూలబోయాడు. బరువు కోసం సిద్ధపడిన కాళ్ళు సర్దుకుని నిలబడ్డాయి.

ముగ్గురూ కలిసి మెల్లగా దించారు. ఇరుకు. కూర్చుంటే తప్ప పని జరగదు. గొంతుక్కూర్చున్నాడు. కఫన్ గుడ్డ ముడులు ఒక్కొక్కటే విప్పాడు. వీపు వెనక మట్టి గడ్డ ఆనించి, ముఖం పడమటికి, ఖిబ్లా వైపు తిప్పాడు. గడ్డం మాసి ఉంది. పెదవి పక్కన రంగు మచ్చ ఉండేది. స్నానం చేయించినవాళ్ళు రుద్ది ఉంటారు, పోలేదు. రవ్వంత నీలం.

"ఫూఫా, నీ మోకాలు..." అన్నాడు మునీర్.

"నువ్వు పైకెక్కు."

మునీర్ ఎక్కాడు. తవ్వినవాడూ ఎక్కాడు. నాగూర్ బాషా అతీక్ చెవి దగ్గరికి వంగాడు. మాటలు మానేశాక వాడితో అన్న మొదటి మాటలివి.

"నేను మాఫ్ చెయ్యలే అతీక్. దిగిన. గంతే."

కాసేపు అలాగే వంగి ఉన్నాడు, వాడు జవాబిస్తాడేమో అన్నట్టు. వాడి అక్క ఖబర్ ఈ మట్టి గోడకు అవతల, చాలా దగ్గరే.

పైనుంచి చేతులు చాచారు. ఏ చెయ్యీ పట్టుకోలేదు. అంచున మోకాలు ఆన్చి పైకి వచ్చాడు. బండలు పరిచారు. సందులు మిగిలాయి. జనం మట్టి పోయబోతుంటే ఆగమన్నాడు. నీళ్ళు తెప్పించి మట్టి పిసికి, మళ్ళీ కూర్చుని, ఒక్కో సందూ బొటనవేలితో నొక్కి నింపాడు. తొందరగా కానిమ్మని వెనక ఎవరో గొణిగారు. ఆయన వినిపించుకోలేదు. చివరి సందు దగ్గర ఆగాడు. ముంజేత్తో ముక్కు తుడుచుకుని, ఆ సందు కూడా పూడ్చాడు.

పిడికిళ్ళతో మట్టి వేశారు. పారలతో పోశారు. దువా అయింది. మునీర్ దగ్గరికి వచ్చాడు.

"ఆటో పిలవాలా ఫూఫా?"

"వద్దు. నడుస్త."

"ఇంటికి రా. ఉమేరా ఎదురుచూస్తది."

గేటు దాకా నడిచాడు. గేటు బయట ఎడమకు తిరిగితే బస్టాపు, కుడికి తిరిగితే అతీక్ ఇల్లు. కాసేపు నిలబడ్డాడు. ఒక బస్సు వచ్చి పోయింది. కుడికి తిరిగాడు. కుంటడం ఆయనకు గుర్తు రాలేదు.

జనం వెళ్ళిపోయాక లోపల తెల్ల కుర్చీ ఒక్కటే మిగిలింది. కొత్త మట్టిలో ఒక కాలు దిగబడి, అది కొద్దిగా పక్కకు ఒరిగి ఉంది.